పాలిపోయిన పొరలు

ఆ ఏడు ఎండలు ముదరకముందే మూడో హాల్లో పొరలు పాలిపోయాయి.

ఉదయం తలుపు తెరవగానే వకుళకి వాసనతోనే సంగతి అర్థమైంది. ఆరోగ్యంగా ఉన్న పొర దగ్గర తడి ఇసుక వాసన తప్ప ఇంకేమీ ఉండదు. ఇవాళ మాంసం కొట్టు ముందు నుంచి నడిచినట్టుంది. గాజు పెట్టెల్లో నిలువుగా వేలాడే పొరలు ముదురు గులాబీ రంగులో ఉండాలి. అంచుల వెంట బూడిద రంగు తిరిగింది. అడుగున ఉన్న కుళాయి కింద గ్లాసు పెట్టి నీళ్ళు పట్టి, మీటరు ముంచి చూసింది. ఉప్పు పెరిగింది. ఫ్లోరైడ్ ఇంకా హద్దు దాటలేదు గాని ఎక్కువ రోజులు ఆగేలా లేదు.

కొండమిట్ట పట్టణానికీ చుట్టుపక్కల పల్లెలకీ నీళ్ళిచ్చే ప్రాంతీయ నీటి సంస్థలో ఆమె ప్రయోగశాల అధికారి. యాభై దాటిన మనిషి. ఈ పొరని కనిపెట్టింది ఆమే. ఊరు వాడి వదిలేసిన నీళ్ళు ముందు మామూలు శుద్ధి కేంద్రంలో బురదా చెత్తా వదిలించుకుని ఇక్కడికి వస్తాయి. పొరల మీదుగా జారి అడుగున తాగే నీళ్ళయి పడతాయి. అదివరకటి యంత్రాలు బోలెడంత కరెంటు లాగి, సగం నీళ్ళు తాగడానికి ఇచ్చి మిగతా సగం ఉప్పునీళ్ళు చేసి పారబోసేవి. ఈ పొర దాదాపు ఏమీ పారబొయ్యదు. ఎందుకంటే అది రబ్బరూ కాదు, ప్లాస్టిక్కూ కాదు. సన్నటి వల మీద పెంచిన మనిషి కిడ్నీ కణాలు. ఒంట్లో చేసే పనే అవి ఇక్కడా చేస్తాయి.

బతికున్నది కాబట్టి పొర ముసలిదవుతుంది. కొన్ని నెలలకోసారి కొత్త కణాలు తెచ్చి మళ్ళీ నాటాలి. దాచిపెట్టిన కణాలు మళ్ళీ లేవవు. తాజావే కావాలి. అవి ఇవ్వగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఫోను మోగింది. చీఫ్ ఇంజనీరు దానియేలు.

"మూడో హాలు చూశారా మేడం?"

"ఇక్కడే ఉన్నాను సార్."

"ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"ఈ నెలాఖరు దాకా ఉంటే గొప్ప. మిగతా రెండూ దీని వెనకే."

"మీ తమ్ముణ్ణి ఒకసారి రమ్మంటారా?" అన్నాడాయన. అడగడానికి సిగ్గుపడుతున్న గొంతు. అడక్క తప్పని మనిషి గొంతు కూడా.

వకుళ తమ్ముడు భూషణానికి బస్టాండు రోడ్డులో మోటార్ల వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, పాత తీగ పీకి, కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాడు. చాలా ఏళ్ళ కిందట అతనికి కిడ్నీలో రాయి పెరిగి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అప్పట్లో వకుళ ప్రయోగాలన్నీ చేతికందకుండా పోతున్నాయి. ఎందరి కణాలు తెచ్చినా మురుగు నీళ్ళు తగలగానే వారం తిరక్కుండా చచ్చిపోయేవి. ఆమె సొంత కణాలు కూడా నిలవలేదు.

"డాక్టరు గారు చిన్న ముక్క తీస్తారంట. నాకిస్తావా?" అని అడిగింది మంచం పక్కన కూర్చుని.

"నేనేం చేసుకుంటా, పట్టకపో," అని నవ్వాడు భూషణం.

ఆ ముక్క బతికింది. ఒకే తల్లి బిడ్డలు, ఒకే బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు. తనవి ఎందుకు చచ్చాయో, వాడివి ఎందుకు బతికాయో వకుళకి ఈనాటికీ అంతుపట్టలేదు. అప్పటికి వరసగా కరువు. జలాశయం అడుగున గొర్రెలు మేస్తున్నాయి. ట్యాంకరు వస్తే వీధుల్లో జుట్లు పట్టుకుంటున్నారు. పొర వచ్చాక కుళాయిల్లో రోజూ నీళ్ళు వచ్చాయి. అవి ఎవరి కణాలో సంస్థలో ఒకరిద్దరికీ, ఇంట్లోవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు.

మొదట ఏడాదికి ఒక సూది చాలనుకున్నారు. నడుం పక్కన సూది గుచ్చి బియ్యపు గింజంత తీసేవారు. తరవాత కొత్త కాలనీలు లేచాయి, రెండో హాలు కట్టారు. నీళ్ళు బాగున్నాయని గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు వచ్చాయి, మూడోది కట్టారు. పొరలు పెరిగేకొద్దీ సూదులు పెరిగాయి. భూషణం ఏనాడూ కాదనలేదు. పొద్దున వెళ్ళి గుచ్చించుకుని, ఒక పూట పడుకుని, సాయంత్రానికి షాపు తెరిచేవాడు.

ఆ మధ్యాహ్నం వకుళ తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి అతను ముందు గదిలో నేల మీద పడుకుని ఉన్నాడు. పనిరోజు ఆ వేళప్పుడు అతను ఇంట్లో ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏరా, షాపు తియ్యలేదా?"

"ఒళ్ళు బరువుగా ఉందక్కా. ఎండకేమో." లేచి కూర్చున్నాడు. మొహం ఉబ్బి ఉంది. "ఎప్పుడు రమ్మంటారు?"

ఆమె ఇంకా నోరు తెరవలేదు. తను ఎందుకొచ్చిందో అతనికి చెప్పకుండానే తెలిసిపోయింది. ఈ ఇంటికి వేరే పని మీద చివరిసారి ఎప్పుడొచ్చిందో ఆలోచించింది. గుర్తు రాలేదు.

మరదలు కోమలి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"వదినా, ఈసారి డాక్టరుకి చూపించాక అడగండి," అంది. "ఆయన చెప్పడు. నెల నుంచి అన్నం సయించట్లా. రాత్రిళ్ళు కూర్చునే ఉంటన్నాడు. చెప్పులు పట్టట్లా కాళ్ళకి."

"ఊరుకోవే," అన్నాడు భూషణం.

"ఊరుకునేగా ఇన్నాళ్ళూ ఉండా," అని కోమలి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. రక్తం తీశారు, స్కాను తీశారు. కిడ్నీ డాక్టరు వకుళనొక్కదాన్నే లోపలికి పిలిచి తెర మీద బొమ్మ చూపించాడు. ఎడమ కిడ్నీ ముడుచుకుపోయి ఉంది. గుచ్చిన చోటల్లా మచ్చ కట్టి, మచ్చలన్నీ కలిసిపోయాయి.

"ఇది దాదాపు పని చెయ్యట్లేదండీ. కుడిది ఒక్కటే లాగుతోంది. దాని మీద కూడా భారం పడిపోయింది. ఇక సూది మాట మర్చిపోండి."

వకుళ తెర వంకే చూస్తోంది. కుడి కిడ్నీ నున్నగా, దాదాపు మామూలుగా ఉంది. జూన్ దాకా గడవాలంటే ఎన్ని పొరలు కావాలో, ఒక్క గింజతో ఎన్ని లేస్తాయో ఆమె బుర్ర లెక్క వేసేసింది. ఆపుదామన్నా ఆగలేదు.

"కుడి వైపు నుంచి ఒక్కసారికి..." అంది.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయన మీకేమవుతారు?"

"తమ్ముడు."

"మరి?" అన్నాడు డాక్టరు.

బయట బల్ల మీద భూషణం, కోమలి పక్కపక్కన కూర్చుని ఉన్నారు. కోమలి మజ్జిగ సీసా మూత తీసి అతనికి అందిస్తోంది. అక్కని చూసి అతను లేవబోయాడు. "సూది ఎప్పుడు పెట్టాడక్కా?"

"ఇంటికి పద," అంది వకుళ.

ఆ సాయంత్రం ఆమె దానియేలు గదిలో కూర్చుంది. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. రెండు టీలు తెప్పించాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. కుడి కిడ్నీ గురించి తను అడిగిన మాట కూడా చెప్పింది.

"పొరలు పోతే మన దగ్గర ఏముంది సార్?"

"జలాశయంలో అడుగు నీళ్ళున్నాయి. బోర్లున్నాయి, ఉప్పగానే అనుకోండి, కలిపి ఇవ్వాలి. రోజు మార్చి రోజు ఇచ్చి, పాలిషింగ్ యూనిట్లకెళ్ళే లైను కట్టేసి, లీకులు పట్టుకుంటే వానల దాకా ఎట్టాగో లాక్కురావచ్చు."

"లీకులు అంత ఉన్నాయా?"

"పంపేదాంట్లో మూడో వంతు దారిలోనే పోతోందమ్మా." మేడం అనడం మర్చిపోయాడాయన. "పొర రాకముందు నేను లీకుల కోసమని మనుషుల్ని పెట్టాను. ఇనప కడ్డీ గొట్టం మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే లోపల కారే చప్పుడు వినపడుతుంది. వీధి వీధీ తిరిగేవాళ్ళం. వాగు పక్కన ఇంకుడు చెరువులు తవ్వించాను, నాలుగు వానలు పడితే బోర్లలోకి నీళ్ళు దిగేవి. పొర వచ్చిన ఏడే ఆ మనుషుల్ని వేరే పనులకి పంపేశారు. చెరువులు పూడిపోయాయి. కుళాయి తిప్పితే నీళ్ళొస్తుంటే లీకు సంగతి ఎవరికి కావాలి? రెండేళ్ళు అడిగాను. తర్వాత నేనూ మానేశాను. ఎవరితో పోట్లాడను? అలిసిపోయాను."

టీ చల్లారిపోయింది. కిటికీ అవతల గ్రానైట్ లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"సూది ఇక లేదు సార్," అంది వకుళ. "పొరలు చచ్చిపోయేదాకా ఆగితే ఊరు ఒక్కసారిగా ఎండుతుంది. నేను ఒక్కో హాలూ ముందే ఆపేస్తాను. మీరు ఆ లెక్కన సర్దుకుంటూ రండి."

దానియేలు టీ గ్లాసు పక్కకి నెట్టాడు. "సరే. పాలిషింగ్ లైను రేపే కట్టేస్తాను. అరుస్తారు. అరవనీండి."

అరిచారు. మూడో హాలు ఆపిన రోజు నుంచి రోజు మార్చి రోజు నీళ్ళు. రెండోది ఆపాక మూడు రోజులకోసారి. యూనిట్ల వాళ్ళు ఆఫీసు ముందు టెంటు వేశారు. కొత్త కాలనీ వాళ్ళు మునిసిపల్ మీటింగులో బల్లలు గుద్దారు. దానియేలు రోజూ పొద్దున్నే కడ్డీ పుచ్చుకుని వీధుల్లో పడ్డాడు. ఆయన వెనక గునపాలతో కూలీలు. ప్రయోగశాలలో పని తగ్గింది కాబట్టి వకుళ తన మనుషుల్ని కూడా పంపింది. గోతుల్లోంచి తుప్పు పట్టిన గొట్టాలు, చెట్ల వేళ్ళు చుట్టుకున్న గొట్టాలు, రహస్యంగా బిగించుకున్న దొంగ కనెక్షన్లు బయటపడ్డాయి. ఒక గొయ్యి పూడిస్తే పది గజాల అవతల ఇంకొకటి కారేది. ఆ పనికి అంతూ పొంతూ కనపడలేదు. చప్పట్లు కొట్టేవాళ్ళూ లేరు.

ఇంకో మీటింగులో ఎవరో గట్టిగా నిలదీశారు. "ఇన్నేళ్ళూ తెచ్చారుగా కణాలు? ఇప్పుడు తేవడానికి ఏం రోగం?" ప్రయోగశాల నుంచి వెళ్ళినతను కంగారులో, "భూషణం గారికి ఒంట్లో బాగాలేదండీ," అనేశాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

మర్నాడు కోమలి ఫోను చేసింది. "షాపు దగ్గరికి రండి వదినా. జనం వచ్చారు."

వకుళ వెళ్ళేసరికి షాపు ముందు పాతిక మంది ఆడవాళ్ళున్నారు. చేతుల్లో ఖాళీ బిందెలు. గొడవ చేస్తున్నారేమో అనుకుంది. ఎవరూ గొంతు కూడా పెంచలేదు. అందరి ముందు ముసలామె ఒకతె, మాలకొండమ్మ, కొంగు భుజాన కప్పుకుని నిలబడి ఉంది. భూషణం మోటార్ల మధ్య స్టూలు మీద కూర్చున్నాడు. కోమలి గోడవారగా ఉంది.

"నీ ఒంట్లో నుంచి వస్తన్నాయని మాకు తెలవదు నాయనా," అంటోంది మాలకొండమ్మ. "తెలిస్తే దణ్ణం పెట్టుకునేవాళ్ళం. మా ఇల్లు వీధి చివర. నీళ్ళు అక్కడిదాకా ఎక్కట్లా. కోడలు బాలింత. నిన్ను బలవంతం చెయ్యడానికి రాలా. ఇంకొక్కసారి. వానలు పడిందాకా. అంతే."

"అట్టాగేనమ్మా," అన్నాడు భూషణం.

వకుళ ముందుకు నడిచింది. "వాడు రాడు. నేను ఒప్పుకోను."

"నువ్వాగక్కా." అతను ఆమెని చూడలేదు. "వాళ్ళు అడగతన్నారుగా. పోదాం పద ఆసుపత్రికి."

కోమలి గోడకి చేరగిలి అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది.

భూషణం స్టూలు కింద నుంచి చెప్పు లాక్కుని కాలు దూర్చబోయాడు. పట్టలేదు. వంగి పట్టీ వదులు చెయ్యబోయాడు. ఊపిరి అందక ఆగిపోయాడు. మాలకొండమ్మ బిందె కింద పెట్టి, "ఉండు నాయనా," అని అతని ముందు గొంతుకూర్చుంది. ఒక చేత్తో చెప్పు, ఒక చేత్తో మడమ పైన పట్టుకుంది.

ఆమె బొటనవేలు అతని కాల్లోకి దిగబడిపోయింది.

తీసింది. వేలు పెట్టిన చోట గుంట పడింది. అది నిండుతుందేమోనని ఆమె చూసింది. నిండలేదు. మళ్ళీ ఇంకోచోట మెల్లిగా నొక్కింది. అక్కడా అంతే. వెనకనున్న ఆడవాళ్ళు వంగి చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా ఉంది?" అని అడిగింది.

"ఉగాది ముందు నుంచీ," అంది కోమలి నేల మీద నుంచే.

మాలకొండమ్మ చెప్పు తీసి పక్కన పెట్టింది. అతని పాదం ఎత్తి, అక్కడున్న చెక్కపెట్టె మీద పసిబిడ్డ కాలు పెట్టినట్టు పెట్టింది. మోకాలు పట్టుకుని లేచి బిందె తీసుకుంది.

"కూర్చో నాయనా. యాడికీ పోబాక." తక్కిన వాళ్ళ వైపు తిరిగింది. "పదండే."

వెళ్తూ వకుళ పక్కన ఒక్క క్షణం ఆగింది. "నువ్వు అక్కవంటగా," అంది. కోపంగా కాదు. తెలుసుకుందామని అడిగినట్టు అంది. వకుళ తలూపింది. ముసలామె ముందుకి నడిచింది.

ఆఖరి హాలు ఆపే రోజున భూషణం వస్తానన్నాడు. అన్నేళ్ళలో అతను ఆ పొరల్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరూ చూపించలేదు, అతనూ అడగలేదు. కోమలి చెయ్యి పట్టుకుని గాజు పెట్టెల మధ్య నెమ్మదిగా నడిచాడు. గులాబీ రంగు ఇంకా మిగిలి ఉన్న పెట్టె ముందు ఆగాడు. నీళ్ళు దాని మీదుగా చప్పుడు లేకుండా జారుతున్నాయి.

"ఇదేనా అక్కా?"

"ఇదే."

చాలాసేపు చూశాడు. "ఆపేస్తే దీనికి నొప్పి తెలుస్తదా?"

"తెలియదురా. దానికి నరాలు లేవు."

"మంచిది," అన్నాడు.

వకుళ వాల్వు తిప్పింది. చెయ్యి సగంలో ఆగిపోతే కోమలి వచ్చి పక్కన చెయ్యేసింది. ఇద్దరూ కలిసి మిగతా సగం తిప్పారు. నీళ్ళు ఆగాయి. పొర కాసేపు తడిగా మెరిసింది. తరవాత ఆ మెరుపు పోయింది. భూషణం అప్పటికే బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. అలసటగా ఉందన్నాడు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి, అంతంతమాత్రంగా పడ్డాయి. అయినా దానియేలు పూడిక తీయించిన ఇంకుడు చెరువుల్లో మోకాటి లోతు నిలిచింది. పాలిషింగ్ యూనిట్లలో సగం మూతపడ్డాయి. వాటిలో పనిచేసే వాళ్ళు కొందరు ఊరొదిలి పోయారు. మిగిలిన ఊరు మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళకి అలవాటు పడింది, తిట్టుకుంటూనే. వకుళ గాజు పెట్టెలు తీయించేసి ఆ హాళ్ళలో గొట్టాలు, జాయింట్లు పెట్టించింది. పొరని మళ్ళీ ఇంకో మనిషి కణాలతో ప్రయత్నించమని పైనుంచి రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ కుదరదంది. మూడోసారి అడిగినప్పుడు కూడా అదే చెప్పడానికి ఓపిక ఉంటుందో లేదో ఆమెకే తెలియదు.

భూషణం ఎడమ కిడ్నీ పోయింది. కుడిది సగం నిలిచింది. ఉప్పు మానేశాడు, షాపు పూటకే తెరుస్తున్నాడు. ఒంట్లో నీరు చేరకుండా తాగే నీళ్ళు కొలిచి తాగమన్నాడు డాక్టరు. కోమలి పొద్దున్నే ఒక సీసాలో నింపి అతని పక్కన పెడుతుంది. ఆ రోజంతటికీ అదే.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ దానియేలు వాళ్ళింటికి వచ్చాడు. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. వకుళ కూడా అక్కడే ఉంది, ఇప్పుడు ఆదివారాలు వస్తోంది. ఆయన కుర్చీలో కూర్చోగానే కోమలి అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళి పెద్ద గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

దానియేలు గ్లాసు అందుకున్నాడు. భూషణం పక్కన ఉన్న సీసా ఆయన కంట పడింది. మధ్యాహ్నం కాకముందే అందులో నీళ్ళు అడుక్కి వచ్చేశాయి. గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది. కింద పెట్టబోయాడు.

"తాగండి సార్," అన్నాడు భూషణం. "ఎండన పడి వచ్చారు."

ఆయన తాగాడు. మధ్యలో ఆపలేదు, ఒక్క చుక్క వదల్లేదు. భూషణం ఆయన గొంతు వంకే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక అడిగాడు.

"ఎట్టుండాయి సార్ నీళ్ళు?"

దానియేలు మూతి తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చూసి, మానుకున్నాడు.

"కాస్త ఉప్పగా ఉన్నాయి భూషణం."

"ఉండనీండి," అన్నాడు భూషణం. "నేలలో నుంచి వస్తన్నాయిగా." దిండు మీదికి వాలి కళ్ళు మూసుకున్నాడు.